క్రిస్మస్ వేళ కుటుంబంతో కోల్‌కతా: టికెట్ల నుంచి తిరుగు ప్రయాణం దాకా సమగ్ర మార్గదర్శి

డిసెంబరు చివరి వారంలో పిల్లాపాపలతో, పెద్దవాళ్లతో కలిసి ఒక మహానగరానికి వెళ్లాలనుకునే తెలుగువారికి కోల్‌కతాను మించిన చోటు మన దేశంలో లేదని నా అభిప్రాయం. విశాఖ నుంచి ఒక రాత్రి, విజయవాడ నుంచి సుమారు ఇరవై గంటలు, సికింద్రాబాద్ నుంచి ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో కూర్చుంటే చేరుకోగలిగిన ఈ నగరంలో, బెంగాలీలు 'బొడొదిన్' అని పిలుచుకునే క్రిస్మస్‌ను క్రైస్తవులతో పాటు హిందూ, ముస్లిం కుటుంబాలు కూడా సొంత పండుగలా జరుపుకుంటాయి. ఊరంతా కేకుల వాసన, వీధుల నిండా దీపాలు, చలికాలపు ఎండ, కొత్త బెల్లపు మిఠాయిలు అన్నీ ఒకే వారంలో దొరుకుతాయి.

అయితే ఆ వారంలో రెండు సాయంత్రాలు, అంటే 24, 25 తేదీల సాయంత్రాలు, నగర కేంద్రంలో అడుగు తీసి అడుగు వేయడం కష్టమయ్యేంత జనం ఉంటారు. కొత్తగా వెళ్లే కుటుంబాలు తెలియక ఆ రెండు సాయంత్రాల్నే ప్రధానంగా పెట్టుకుని, అలసిపోయి, పిల్లల్ని ఎత్తుకుని తిరిగివస్తాయి. పార్క్ స్ట్రీట్ దీపాలు పండుగకు కొద్ది రోజుల ముందే వెలిగి కొత్త సంవత్సరం దాకా ఉంటాయి కాబట్టి, వాటిని చూడడానికి పండుగ రోజే వెళ్లాల్సిన అవసరం లేదు. ఈ ఒక్క విషయం దృష్టిలో పెట్టుకుని రోజుల్ని అమర్చుకుంటే ప్రయాణం మొత్తం హాయిగా సాగుతుంది. కింద రాసిన క్రమమంతా ఈ ఆలోచన మీదే ఆధారపడి ఉంది.

ముందుగా క్యాలెండరు

తేదీల కంటే ముందు వారాలు చూసుకోవాలి. కోల్‌కతాలో ఒక్కో చోటికి ఒక్కో సెలవు రోజు ఉంది. విక్టోరియా మెమోరియల్ ప్రదర్శనశాలలు, ఇండియన్ మ్యూజియం సోమవారం మూసి ఉంటాయి. అలీపూర్ జంతు ప్రదర్శనశాలకు, మదర్ థెరిసా సమాధి ఉన్న మదర్ హౌస్‌కు గురువారం సెలవు. న్యూ మార్కెట్‌లో మామూలు ఆదివారాల్లో చాలా దుకాణాలు తెరవరు. పండుగ వారంలో ఈ నియమాలు కొంచెం అటూ ఇటూ మారవచ్చు కాబట్టి, బయలుదేరే ముందు ఆయా సంస్థల వెబ్‌సైట్లు ఒకసారి చూసుకోవాలి.

2026లో డిసెంబరు 25 శుక్రవారం వస్తుంది. ఆ ఏడాదిని ఉదాహరణగా తీసుకుంటే, 21 సోమవారం బయలుదేరి 22 మంగళవారం అక్కడికి చేరుకోవడం, 27 ఆదివారం తిరుగు రైలు ఎక్కడం చాలా కుటుంబాలకు సరిపోయే అమరిక. మిషనరీ పాఠశాలల పిల్లలకు ఎలాగూ క్రిస్మస్ సెలవులు ఉంటాయి. సంక్రాంతికి మాత్రమే పెద్ద సెలవులు ఇచ్చే బడుల్లో చదివే పిల్లలకు రెండు మూడు రోజులు సెలవు పెట్టించాల్సి వస్తుంది. అది కుదరనివాళ్లు 24 సాయంత్రం దిగేలా వెళ్లకుండా, 25 రాత్రి బయలుదేరి 26 నుంచి 30 దాకా ఉండడం మంచిది. దీపాలు అప్పటికీ ఉంటాయి, జనం మాత్రం తగ్గుతారు.

జనవరి 1 దాకా ఉండేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 1886లో అదే రోజున కాశీపూర్ తోటలో శ్రీరామకృష్ణులు భక్తులను అనుగ్రహించినందుకు గుర్తుగా జరిగే కల్పతరు ఉత్సవానికి కాశీపూర్‌కూ, దక్షిణేశ్వర్‌కూ జనం పోటెత్తుతారు. ఆ ఉత్సవం కోసమే వెళ్లేవాళ్లకు అది గొప్ప రోజు. గుడి చూడడానికి వెళ్లేవాళ్లు మాత్రం వేరే రోజు ఎంచుకోవాలి.

రైలు టికెట్లు

2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్లు ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి మాత్రమే తెరుస్తున్నారు. అంటే డిసెంబరు 21న బయలుదేరే రైలుకు అక్టోబరు 22 ఉదయం 8 గంటలకు, డిసెంబరు 27న తిరిగి వచ్చే రైలుకు అక్టోబరు 28 ఉదయం 8 గంటలకు బుకింగ్ మొదలవుతుంది. దసరా హడావిడిలో ఈ తేదీలు చేజారిపోయే అవకాశం ఉంది కాబట్టి ఫోనులో అలారం పెట్టుకోవడం మంచిది. వెళ్లే టికెట్టు కంటే తిరుగు టికెట్టు దొరకడమే కష్టం. దాన్ని వాయిదా వేయకూడదు. ఒక రైలు తన మొదటి స్టేషన్ నుంచి ఏ తేదీన బయలుదేరుతుందో ఆ తేదీ ప్రకారమే 60 రోజులు లెక్కిస్తారన్న సంగతి, మధ్య స్టేషన్లలో ఎక్కేవాళ్లు మరిచిపోకూడదు.

ఒక టికెట్టు మీద ఆరుగురికే రిజర్వేషన్ దొరుకుతుంది. తాతయ్య, నాయనమ్మ కూడా వస్తుంటే వాళ్లిద్దరికీ సీనియర్ సిటిజన్ కోటాలో విడిగా టికెట్టు తీసుకుంటే కింది బెర్తులు దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. ఈ కోటా 60 దాటిన పురుషులకు, 45 దాటిన మహిళలకు, ఒక టికెట్టు మీద ఒకరు లేదా ఇద్దరు ఉన్నప్పుడు వర్తిస్తుంది. విడి టికెట్టు కావడం వల్ల వాళ్ల బోగీ మారవచ్చు. పెద్దవాళ్లు రాత్రి పూట ఒంటరిగా ఉండలేని స్థితిలో ఉంటే అందరికీ కలిపి తీసుకుని, రైలెక్కాక బెర్తులు మార్చుకోవడమే మేలు. అయిదేళ్లు నిండని పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టు అవసరం లేదు. అయిదు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ చెల్లించాలి. ఇది రాత్రి ప్రయాణం కాబట్టి ఆరేడేళ్ల పిల్లలకు కూడా బెర్తు తీసుకోమనే నా సలహా.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ నేరుగా హౌరా స్టేషన్‌కు చేరుస్తుంది. చెన్నై నుంచి విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్నం మీదుగా వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మాత్రం ఇప్పుడు హౌరాకు వెళ్లదు. హౌరా వైపే ఉన్న శాలిమార్ స్టేషన్‌లో ఆగిపోతుంది. టికెట్టు మీద శాలిమార్ అని ఉంటే, దిగిన తరువాత మెట్రో అందదనీ, క్యాబ్‌లో విద్యాసాగర్ సేతువు దాటి నగరంలోకి వెళ్లాలనీ ముందే అనుకుని ఉండాలి. నిజానికి పార్క్ స్ట్రీట్ దగ్గర బస ఉన్నవాళ్లకు శాలిమార్ నుంచి ఆ వంతెన దారి పెద్ద దూరమేమీ కాదు.

విమానంలో వెళ్లేవాళ్లు తెల్లవారుజామున కాకుండా మధ్యాహ్నం విమానాలు ఎంచుకోవాలి. డిసెంబరు చివరలో ఉదయపు పొగమంచు వల్ల ఆలస్యాలు జరుగుతాయి, ఆ ఆలస్యం పిల్లలతో ఉన్నప్పుడు చాలా బాధిస్తుంది.

బస ఎక్కడ

ధర కంటే, గదుల వైశాల్యం కంటే చోటు ముఖ్యం. 24, 25 సాయంత్రాలు పార్క్ స్ట్రీట్‌లోకి వాహనాలను రానివ్వకుండా నడిచేవాళ్లకే వదిలేస్తారు, చుట్టుపక్కల దారులు కూడా మళ్లిస్తారు. అలాంటప్పుడు హోటల్ దూరంగా ఉంటే క్యాబ్ దొరకదు, దొరికినా కదలదు. అందుకని పార్క్ స్ట్రీట్ నుంచి నడిచి చేరుకోగల చోటు గానీ, అదే మెట్రో మార్గంలో ఉన్న రవీంద్ర సదన్, భవానీపూర్, కాళీఘాట్ ప్రాంతాలు గానీ చూసుకోవాలి. పిల్లలూ పెద్దలూ ఉన్న కుటుంబానికి నా మొదటి ఎంపిక భవానీపూర్, కాళీఘాట్ ప్రాంతమే. అక్కడ రాత్రులు ప్రశాంతంగా ఉంటాయి, మెట్రోలో కొద్ది స్టేషన్ల దూరంలో పార్క్ స్ట్రీట్ ఉంటుంది, కాళీఘాట్ స్టేషన్ దగ్గర లేక్ మార్కెట్ చుట్టుపక్కల దక్షిణాది కుటుంబాలు తరాల నుంచి స్థిరపడడం వల్ల ఇడ్లీ, దోసె, సాంబారన్నం సులువుగా దొరుకుతాయి.

న్యూ మార్కెట్ వెనుక సడ్డర్ స్ట్రీట్‌లో తక్కువ ధర గదులు ఉన్నాయి, అన్నీ నడక దూరంలోనే ఉంటాయి. అయితే ఆ భవనాలు పాతవి. లిఫ్టు ఉందా, గదికి కిటికీ ఉందా, వేడినీళ్లు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా వస్తాయి అన్న మూడు ప్రశ్నలు ఫోనులో అడిగి తెలుసుకున్న తరువాతే డబ్బు కట్టాలి. సెప్టెంబరులోనే, రద్దు చేసుకుంటే డబ్బు వాపసు వచ్చే పద్ధతిలో గదులు తీసిపెట్టుకుని, అక్టోబరులో రైలు టికెట్లు ఖాయమయ్యాక వాటిని ఉంచుకోవడమో వదులుకోవడమో చేయాలి. పిల్లలతో సహా అందరి ఆధార్ కార్డులూ వెంట ఉండాలి.

సామానులో ఏం ఉండాలి

పగటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల చుట్టూ, రాత్రి 13, 14 డిగ్రీల దాకా ఉంటుంది. హైదరాబాద్ చలికి అలవాటుపడినవాళ్లకు ఇది కొత్త కాదు. కోస్తా నుంచి వచ్చే పెద్దవాళ్లకు మాత్రం ఉదయం వేళ టోపీ, శాలువా తప్పనిసరి. చలికాలంలో కోల్‌కతా గాలి నాణ్యత బాగుండదు కాబట్టి ఉబ్బసం ఉన్నవాళ్లు మందులూ మాస్కులూ మరిచిపోకూడదు. సామానులో మూడో వంతు ఖాళీ వదలాలి. తిరుగు ప్రయాణంలో ఆ ఖాళీ నిండుతుంది.

మరో విషయం చాలామందికి తట్టదు. కోల్‌కతా మనకంటే తూర్పున ఉండడం వల్ల డిసెంబరు చివరలో అక్కడ సాయంత్రం 5 గంటలకే సూర్యాస్తమయం అవుతుంది, హైదరాబాద్‌తో పోలిస్తే ముప్పావుగంటకు పైగా ముందే చీకటి పడుతుంది. పార్కులు, నది, పాత కట్టడాలు ఏవైనా నాలుగున్నర లోపే చూసెయ్యాలి. దీపాలు మాత్రం అంతే తొందరగా వెలుగుతాయి కాబట్టి చిన్నపిల్లలకు నిద్ర వేళ కాకముందే వాటిని చూపించి వెనక్కి వచ్చేయవచ్చు.

చేరిన రోజు

హౌరాలో దిగిన కుటుంబం స్టేషన్ బయటికి రాగానే టాక్సీల కోసం పరుగెత్తకుండా మెట్రో గురించి ఆలోచించాలి. దేశంలో మొట్టమొదటి మెట్రో 1984లో ఈ నగరంలోనే ఎస్‌ప్లనేడ్, భవానీపూర్ మధ్య మొదలైంది. 2024 మార్చిలో హుగ్లీ నది అడుగు నుంచి వెళ్లే మార్గం కూడా తెరుచుకుంది. దక్షిణం నుంచి వచ్చే రైళ్లు ఎక్కువగా హౌరా కొత్త ప్రాంగణం వైపు ఆగుతాయి, అక్కడి నుంచి సూచికలు చూసుకుంటూ మెట్రోకు వెళ్లవచ్చు. ఈ స్టేషన్ భూమికి 30 మీటర్లకు పైగా లోతున ఉంది కాబట్టి ఎస్కలేటర్లు పొడవుగా ఉంటాయి. పెద్దవాళ్లు లిఫ్టు వాడాలి. రైలు నది కిందికి వెళ్లే ఆ ముప్పావు నిమిషంలో సొరంగం గోడల మీద నీలి కాంతి కనిపిస్తుంది. పిల్లల్ని కిటికీ వైపు నిలబెట్టి ముందే చెప్పి ఉంచకపోతే అది చూసేలోపే దాటిపోతుంది. ఎస్‌ప్లనేడ్‌లో మార్గం మారితే పార్క్ స్ట్రీట్, మైదాన్, రవీంద్ర సదన్, కాళీఘాట్ వరుసగా వస్తాయి. సామాను మరీ ఎక్కువగా ఉంటే స్టేషన్ ముందున్న ప్రీపెయిడ్ టాక్సీ కౌంటర్ వాడుకోవచ్చు.

విమానాశ్రయానికి కూడా 2025 ఆగస్టు నుంచి మెట్రో ఉంది. నోవాపారాలో మారితే పార్క్ స్ట్రీట్ వైపు వెళ్లే రైలు దొరుకుతుంది.

చేరిన రోజు సాయంత్రం ఏమీ పెట్టుకోకూడదు. హోటల్ చుట్టుపక్కల వీధిలో నడిచి, మట్టి ముంతలో టీ తాగి, పడుకోవాలి. హిందీ వస్తే చాలు, ఇబ్బంది ఉండదు. దుకాణదారును 'దాదా' అనీ, స్త్రీలను 'దీదీ' అనీ పిలిస్తే మాట ఇంకా సులువవుతుంది.

పార్క్ స్ట్రీట్ దీపాలు: 23 సాయంత్రం

ఉదయం పది గంటలకు ఇండియన్ మ్యూజియం తెరిచే సమయానికి అక్కడ ఉండాలి. 1814లో స్థాపించిన ఈ మ్యూజియం దేశంలోనే అతి పురాతనమైనది, అతి పెద్దది. మొత్తం చూడాలని ప్రయత్నించకుండా పిల్లలకు ఈజిప్టు మమ్మీ, పెద్ద జంతువుల అస్థిపంజరాలు, పెద్దలకు భర్హుత్ స్తూపపు రాతి ప్రాకారం చూపించి రెండు గంటల్లో బయటపడాలి. భర్హుత్ శిల్పాలను మన అమరావతి శిల్పాలతో పోల్చి చూసుకోవడం తెలుగువారికి ప్రత్యేకమైన ఆనందం. మధ్యాహ్నం భోజనం చేసి, గదిలో రెండు గంటలు పడుకుని, సాయంత్రం సరిగ్గా 5 గంటలకు పార్క్ స్ట్రీట్ మొదట్లో, అంటే చౌరంగీ రోడ్డు కలిసే మూల దగ్గర నిలబడాలి.

అక్కడి నుంచి తూర్పుగా నడవాలి. రోడ్డుకు అడ్డంగా కట్టిన దీపతోరణాలు, భవనాల ముఖాల మీద నక్షత్రాలు, ఎర్ర టోపీలు అమ్మే కుర్రాళ్లు, రెస్టారెంట్ల ముందు వరుసలు కట్టిన కుటుంబాలు కనిపిస్తాయి. రాష్ట్ర పర్యాటక శాఖ 2011లో మొదలుపెట్టిన క్రిస్మస్ ఉత్సవం ఈ వీధిలోని ఆలెన్ పార్కులో జరుగుతుంది; గాయక బృందాలు క్యారల్స్ పాడతాయి, చుట్టూ తినుబండారాల దుకాణాలు పెడతారు. ఆలెన్ పార్కులో ఒక గంట కూర్చుని పాటలు విని, ఏడున్నరకల్లా వెనక్కి తిరగడం మంచిది. ఎనిమిది దాటాక జనం చిక్కబడతారు.

ఇంత జనంలోకి పిల్లలతో వెళ్లేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ప్రతి పిల్లవాడి జేబులో తల్లిదండ్రుల ఫోను నంబరు, హోటల్ పేరు రాసిన కాగితం ఉండాలి. బయలుదేరే ముందు గదిలో అందరినీ నిలబెట్టి ఒక ఫోటో తీసుకోవాలి. ఎవరైనా తప్పిపోతే పోలీసులకు ఏ రంగు బట్టలో చెప్పడానికి అదే పనికొస్తుంది. తప్పిపోతే కలుసుకోవలసిన చోటు ఒకటి ముందే చూపించాలి. గుంపులో ఉన్న ఒక టోపీవాలా దగ్గర అని చెబితే లాభం లేదు, కదలని భవనం ద్వారం చెప్పాలి. చేతులు పట్టుకుని ఇద్దరిద్దరుగా నడవాలి. తిరుగు మెట్రోకు పార్క్ స్ట్రీట్ స్టేషన్ కిక్కిరిసి ఉంటే, చౌరంగీ రోడ్డు మీద దక్షిణంగా కొద్ది నిమిషాలు నడిచి మైదాన్ స్టేషన్‌లో ఎక్కితే ఊపిరాడుతుంది. చక్రాల కుర్చీ వాడే పెద్దవాళ్లను 24, 25 తేదీల్లో మాత్రం ఈ వీధికి తీసుకురాకూడదు.

కేకు సంగతి

కోల్‌కతా క్రిస్మస్‌కు కేకు ప్రాణం, కాబట్టి దీనికి ఒక పూట విడిగా కేటాయించాలి. 24 ఉదయం అందుకు మంచి సమయం, అదీ దుకాణాలు తెరిచే వేళకే.

1874లో మొదలైన న్యూ మార్కెట్ లోపల నాహూమ్ అండ్ సన్స్ అనే యూదుల బేకరీ ఉంది. బాగ్దాద్ నుంచి వచ్చిన యూదు కుటుంబం 1902లో ఈ వ్యాపారం ప్రారంభించింది. 1916 నుంచి ఈ మార్కెట్‌లోనే ఉంది. ఎర్ర ఇటుకల మార్కెట్‌లో వరుస ఎక్కడ కనిపిస్తే అదే దాని ద్వారం అనుకోవచ్చు. లోపల పాత టేకు కౌంటర్లు, గాజు అరలు అలాగే ఉన్నాయి. అలంకరణ ఏమీ ఉండదు. ఎండు పండ్లతో గట్టిగా, ముదురు రంగులో ఉండే ఫ్రూట్ కేకును అట్టపెట్టెలో పెట్టి ఇస్తారు. యూదుల దుకాణంలో, క్రైస్తవుల పండుగకు, హిందువులూ ముస్లింలూ వరుసలో నిలబడి కేకు కొనుక్కోవడం ఈ నగరం ఎలాంటిదో చెప్పే దృశ్యం. పిల్లలకు దాన్ని విడమరచి చెప్పాలి. కుటుంబంలో ఒక్కరు వరుసలో నిలబడి, మిగతావాళ్లు మార్కెట్ చూడడం అందరికీ సౌకర్యం.

పార్క్ స్ట్రీట్ మీద 1927లో మొదలైన ఫ్లూరీస్‌లో కూర్చుని టీ తాగడం మరో ముచ్చట. పండుగ రోజుల్లో అక్కడ బల్ల దొరకడానికి చాలాసేపు పడుతుంది. అది కావాలనుకునేవాళ్లు ఉదయం తెరవగానే అల్పాహారానికి వెళ్లాలి.

సంప్రదాయ ప్లమ్ కేకుల్లో చాలావాటిలో రమ్ములో నానబెట్టిన పండ్లు వాడతారు, గుడ్డు ఎలాగూ ఉంటుంది. మద్యం వద్దనుకునేవాళ్లు, గుడ్డు తిననివాళ్లు అడిగి తెలుసుకుని కొనాలి. అవి రెండూ లేని కేకులు కూడా నగరంలో దొరుకుతాయి.

24 సాయంత్రం: రెండు దారులు

ఈ సాయంత్రానికి నేను సూచించే మొదటి దారి, హుగ్లీ ఒడ్డున రామకృష్ణ మఠం ప్రధాన కేంద్రమైన బేలూరు మఠం. క్రిస్మస్‌కు మఠం ఏమిటని ఆశ్చర్యపోవచ్చు. 1886 ఆగస్టులో శ్రీరామకృష్ణులు దేహం చాలించిన తరువాత, అదే ఏడాది డిసెంబరు 24 రాత్రి ఆంట్‌పూర్ గ్రామంలో ధుని అనే పవిత్రాగ్ని చుట్టూ కూర్చున్న యువ శిష్యులకు నరేంద్రుడు, అంటే తరువాతి స్వామి వివేకానంద, యేసుక్రీస్తు జీవితం గురించి చెప్పాడు. వాళ్లందరూ సన్యాస జీవితం గడపాలని సంకల్పించుకున్నారు. అది క్రిస్మస్ ముందు రాత్రి అని వాళ్లకు తరువాత గానీ తెలియలేదు. ఆ జ్ఞాపకంగా ప్రతి ఏటా డిసెంబరు 24న సంధ్యా హారతి తరువాత రామకృష్ణ మఠాల్లో యేసు పూజ జరుగుతుంది. బాలయేసును ఎత్తుకున్న మేరీమాత చిత్రపటాన్ని పూలతో, కొవ్వొత్తులతో అలంకరించి, కేకు, పండ్లు నివేదించి, బైబిల్ నుంచి క్రీస్తు జన్మ వృత్తాంతం చదివి, క్యారల్స్ పాడతారు. కాషాయ వస్త్రధారులైన సన్యాసులు క్రీస్తు జన్మగీతాలు పాడుతుంటే వినడం పిల్లలకు జీవితాంతం గుర్తుండిపోతుంది. హైదరాబాద్, రాజమహేంద్రవరం మఠాలకు వెళ్లే తెలుగు భక్తులకు ఈ పూజ పరిచయమే.

వెళ్లే పద్ధతి ఇది. మధ్యాహ్నం మెట్రోలో చివరి స్టేషన్ దక్షిణేశ్వర్ దాకా వెళ్లి, గుడి మధ్యాహ్న విరామం తరువాత తెరవగానే 1855లో రాణీ రాస్మణి కట్టించిన కాళీ ఆలయాన్ని దర్శించుకోవాలి. సెల్‌ఫోన్లు, చెప్పులు, సంచులు బయటి కౌంటర్లలో అప్పగించాలి కాబట్టి తక్కువ సామానుతో వెళ్లాలి. ఆలయ రేవు నుంచి బేలూరుకు పడవలు ఉంటాయి; వెలుతురు ఉండగానే పడవ ఎక్కాలి. మఠంలో ఫోటోలు తీయకూడదు. పూజ పూర్తయ్యాక క్యాబ్‌లో హౌరా మెట్రోకు చేరితే నగర కేంద్రపు రద్దీ తగలకుండా బసకు వెళ్లిపోవచ్చు.

రెండో దారి సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో అర్ధరాత్రి ఆరాధన. విక్టోరియా మెమోరియల్ పక్కనే ఉన్న ఈ కేథడ్రల్ 1847లో ప్రతిష్ఠ పొందింది. 1897, 1934 భూకంపాల్లో గోపుర శిఖరం దెబ్బతినడంతో ఇప్పుడున్న గోపురాన్ని ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ కేథడ్రల్ నమూనాలో కట్టారు. ఆ ఏటి ఆరాధన సమయాన్ని, ప్రవేశ నియమాలను ముందుగా కనుక్కుని, గంట ముందే లోపల కూర్చోవాలి. ఇది చూడడానికి వెళ్లే కార్యక్రమం కాదు, అక్కడివాళ్లకు ఆరాధన. మధ్యలో లేచి వెళ్లడం, వీడియోలు తీయడం తగదు. అంతసేపు మెలకువగా ఉండలేని చిన్నపిల్లలున్న కుటుంబం దీన్ని వదులుకుని, 23 పగటి పూట వెళ్లి పడమటి గోడలోని రంగుటద్దాల కిటికీని తీరిగ్గా చూసుకోవడం మంచిది. రెండు దారుల్నీ ఒకే రాత్రి కలపాలని ప్రయత్నించవద్దు.

పండుగ రోజు

25న నగరమంతా బయటికి వస్తుంది. అలీపూర్ జూ, విక్టోరియా తోట, ఎకో పార్కు, సైన్స్ సిటీ అన్నీ మధ్యాహ్నానికి నిండిపోతాయి. ఆ రోజు మనం నగరానికి ఎదురుగా నడవాలి: వాళ్లు నిద్ర లేవకముందే తిరిగి, వాళ్లు బయటికి వచ్చేసరికి గదికి చేరాలి.

ఉదయం ఏడు గంటలకు హౌరా వంతెన పాదం దగ్గర మల్లిక్ ఘాట్ పూల మార్కెట్‌లో ఉంటే, బంతిపూల దండలు తాళ్ల కట్టల్లా నెత్తిన మోసుకువెళ్లే కూలీల మధ్య, మంచు తెరలో 1943 నాటి వంతెన కనిపిస్తుంది. దారి ఇరుకు, తడి. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి, మోతలవాళ్లకు దారి వదలాలి. అక్కడి నుంచి వంతెన మీద నడిచి హౌరా రేవుకు చేరి, బాబూఘాట్ దాకా ఫెర్రీ ఎక్కాలి. టికెట్టు చాలా చవక, నది మీది నుంచి నగరం చూడడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

పదకొండు గంటలకు సెంట్రల్ మెట్రో స్టేషన్ దగ్గర బౌబజార్ పోలీసు స్టేషన్ వెనుక ఉన్న బో బారక్స్‌కు వెళ్లవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కోసం కట్టిన ఎర్ర ఇటుకల భవనాల్లో ఇప్పుడు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎక్కువగా ఉంటున్నాయి. వీధికి అడ్డంగా తోరణాలు, పశువుల పాక బొమ్మల కొలువు ఉంటాయి, కొన్ని ఇళ్లవాళ్లు తాము చేసిన కేకులు అమ్ముతారు. అవి వాళ్ల ఇళ్లు కాబట్టి గుమ్మాల్లోకి, కిటికీల్లోకి కెమెరా పెట్టకుండా, అరగంట నడిచి, పలకరించినవాళ్లకు శుభాకాంక్షలు చెప్పి వచ్చేయాలి. మధ్యాహ్నం రెండు గంటలకల్లా బస దగ్గర భోజనం ముగించాలి. ఆ జనసందోహాన్ని చూసి తీరాలనుకునే యువకులు ఇద్దరో ముగ్గురో సాయంత్రం వెళ్లిరావచ్చు. మిగతావాళ్లకు గదిలో కేకు, టీ ఉన్నాయి.

భోజనం

పార్క్ స్ట్రీట్‌లోని పేరున్న రెస్టారెంట్లలో ఈ వారమంతా గంటల తరబడి వరుసలు ఉంటాయి. పీటర్ క్యాట్‌లో చెలో కబాబ్ తినాలనుకుంటే మధ్యాహ్నం తెరిచే వేళకు ముందే నిలబడాలి. సాయంత్రం పిల్లలతో ఆ ప్రయత్నం అనవసరం. కోల్‌కతా బిర్యానీలో బంగాళదుంప ఉంటుంది, కారం తక్కువ. అవధ్ నవాబు వాజిద్ అలీ షాను 1856లో పదవి నుంచి తొలగించాక ఆయన ఇక్కడి మటియాబుర్జ్‌లో స్థిరపడడం వల్ల వచ్చిన వంట అది. హైదరాబాద్ బిర్యానీతో పోటీ పెట్టకుండా తింటే దాని సువాసన తెలుస్తుంది.

బెంగాలీ వంటల్లో ఆవనూనె వాడతారు, ఆ ఘాటు మన పిల్లలకు మొదట పడకపోవచ్చు. శాకాహారులు ఉదయం పూట లూచీ అనే మైదా పూరీ, ఆలూ దమ్ తినవచ్చు. చలికాలంలో మాత్రమే దొరికే పచ్చి బఠాణీ ముద్ద కూరిన కచోరీని తప్పకుండా తినాలి.

మిఠాయిల విషయంలో ఈ వారం అదృష్టం. మన ఈత చెట్టు లాంటి చెట్ల రసంతో చలికాలంలో చేసే 'నొలెన్ గుడ్' అనే కొత్త బెల్లం డిసెంబరులో వస్తుంది. ఆ బెల్లంతో చేసిన సందేశ్‌ను నోట్లో వేసుకుంటే పొగ వాసన కలిసిన తీపి తగులుతుంది, ఏడాదిలో మరే కాలంలోనూ ఆ రుచి రాదు. జయనగర్ మోవా అనే పేలాల ఉండ కూడా ఈ బెల్లంతో చేసేదే; దానికి భౌగోళిక గుర్తింపు ఉంది.

26, 27: కొనుగోళ్లు, తిరుగు ప్రయాణం

26 శనివారం ఉదయం మదర్ హౌస్ తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్లి సమాధి దగ్గర కాసేపు మౌనంగా కూర్చోవచ్చు. లేదా హౌరా వైపు శిబ్‌పూర్ వృక్షోద్యానంలో, 250 ఏళ్లు దాటిన మహావటవృక్షం చుట్టూ పిల్లల్ని నడిపించవచ్చు. నా మొగ్గు ఆ చెట్టు వైపే. అడవిలా కనిపించే ఊడల మధ్య ఇన్ని రోజుల జన సమ్మర్దం మరిచిపోతారు. న్యూ మార్కెట్ కొనుగోళ్లు ఆ సాయంత్రమే ముగించాలి, మరునాడు ఆదివారం. 27 తెల్లవారుజామున లేవగలిగినవాళ్లు పొద్దార్ కోర్టు దగ్గర తిరెట్టా బజారులో ఆదివారాలు దొరికే చైనా అల్పాహారం తిని రావచ్చు. అయితే ఉదయపు రైలుకు టికెట్లున్నవాళ్లు ఆ ఆలోచన మానుకోవాలి.

ఇంటికి తెచ్చే తినుబండారాల్ని నిల్వ ఉండే కాలం బట్టి సర్దుకోవాలి. క్రీము లేని ఫ్రూట్ కేకు గాలి తగలకుండా ఉంచితే వారం పైగా చెడదు, కాబట్టి దాన్ని ముందుగా కొన్నా పరవాలేదు. రసగుల్లాలు సీలు వేసిన డబ్బాల్లో మాత్రమే తీసుకోవాలి. మోవాలు రెండు మూడు రోజుల్లో తినేయాలి. సందేశ్ రైల్లోనే పాడవుతుంది. అది అక్కడే తినాలి, ఇంటికి తేవాలనుకునేవాళ్లు బయలుదేరే పూట కొని ఐసు పెట్టిన సంచిలో పెట్టాలి. నొలెన్ గుడ్ ద్రవరూపంలో సీసాల్లో దొరుకుతుంది, మూత చుట్టూ ప్లాస్టిక్ కాగితం కట్టి, నిలువుగా, బట్టల మధ్య ఉంచితే కారదు. టికెట్టు మీద హౌరా అని ఉందో, శాలిమార్ అని ఉందో బయలుదేరే ముందు మరొకసారి చూసుకుని, రైలు సమయానికి కనీసం గంటన్నర ముందు గది ఖాళీ చేయాలి.